యూదుల హక్కు, పాలస్తీనియన్ల హక్కు: అంతర్జాతీయ న్యాయం ఏమంటోంది?

ప్రశ్న: “మూడు వేల ఏళ్ల నాటి బంధం చూపి ఆ నేల తమదని యూదులు అంటారు. తరతరాలుగా అక్కడే పుట్టి, అక్కడే దున్నుకుని బతుకుతున్నాం, మాదే అని పాలస్తీనియన్లు అంటారు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం స్వయంనిర్ణయ హక్కు ఎవరిది? ఇద్దరిదీ అయితే ఒకరి హక్కు ఇంకొకరి హక్కును కొట్టివేయదా?”

జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇద్దరికీ ఉంది. ఒకరిది నిలవాలంటే ఇంకొకరిది పోవాలన్న నియమం ఎక్కడా లేదు. అయితే ఇద్దరూ ఒకే మెట్టు మీద లేరు. యూదు జాతి ఆ హక్కును 1948లో వినియోగించుకుని రాజ్యం స్థాపించుకుంది, మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం పొందింది. పాలస్తీనా జాతికి అదే హక్కు ఉందని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం రెండుసార్లు చెప్పినా అది వారి చేతికి ఇంకా రాలేదు. ఈ తేడాను పక్కన పెట్టి “ఇరుపక్షాల వాదనలూ బలంగానే ఉన్నాయి” అని సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. న్యాయం అంత గోడమీది పిల్లివాటంగా ఏమీ లేదు.

లా కాలేజీలో చాలాకాలం ఈ పాఠం చెప్పాను. ఈ అంశం రాగానే విద్యార్థుల్లో సగం మంది దీన్ని ఊళ్లో పొలం తగాదాలా చూడటం మొదలుపెడతారు: లింకు డాక్యుమెంట్లు ఎవరి దగ్గర ఉన్నాయి, స్వాధీనంలో ఎవరు ఎన్నేళ్లు ఉన్నారు, మొదటి పట్టాదారు ఎవరు. ఒకరు అబ్రహాముకు దేవుడు చేసిన వాగ్దానం నుంచి ఎత్తుకుంటారు, మరొకరు కనానీయుల నుంచి. ఆ దారిలో ఎంత తవ్వినా తీర్పు రాదు. స్వయంనిర్ణయ సూత్రం యాజమాన్యం సంగతి అడగదు. ఒక భూభాగంలో ఒక జాతిగా బతుకుతున్న జనం తమ రాజకీయ భవితవ్యాన్ని తామే తేల్చుకోవాలి అంటుంది, అంతే.

ఈ సంగతిని అన్నిటికన్నా స్పష్టంగా చెప్పిన కేసుకు ఇజ్రాయెల్‌తో సంబంధమే లేదు. అది ఆఫ్రికా వాయవ్య తీరంలోని పశ్చిమ సహారా కేసు. స్పెయిన్ ఆ వలసను వదిలి వెళ్లబోతుంటే, చారిత్రకంగా అది మాదే అంటూ మొరాకో ముందుకు వచ్చింది. అక్కడి తెగలు సుల్తానుకు విధేయత ప్రకటించేవని ఆధారాలు చూపింది. 1975 అక్టోబరులో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ ఆధారాలను తోసిపుచ్చలేదు. కొన్ని తెగలకు సుల్తానుతో విధేయతా బంధం ఉన్న మాట నిజమేనని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, ఆ బంధానికి అక్కడి ప్రజల స్వయంనిర్ణయ హక్కును తగ్గించేంత బలం లేదని చెప్పింది. “భూభాగపు భవితవ్యాన్ని ప్రజలు నిర్ణయించాలి తప్ప, ప్రజల భవితవ్యాన్ని భూభాగం కాదు” అని న్యాయమూర్తి డిలార్డ్ తన ప్రత్యేక అభిప్రాయంలో రాశారు.

ఈ కొలబద్దను జెరూసలేం వైపు తిప్పి చూడండి. యూదుల ప్రాచీన స్మృతి, ప్రార్థనలు, హీబ్రూ భాష వారిని ఒక జాతిగా నిలబెట్టే ఆధారాలు. వాటిని కాదని “అదొక మతం మాత్రమే” అని తీసిపారేయడం కుదరదు. కానీ ఆ స్మృతి పాలస్తీనా పట్టణాలైన హెబ్రాన్‌లోనో నాబ్లస్‌లోనో ఇప్పుడు బతుకుతున్న ఇంకొక జాతి మీద పాలనాధికారం ఇవ్వదు. అదే విధంగా, తరతరాల నివాసం పాలస్తీనియన్లను జాతిగా నిలబెడుతుంది. సమితిలో సభ్యురాలైన ఒక రాజ్యాన్ని రద్దు చేసే అధికారాన్ని వారికి ఇవ్వదు. శరణార్థులు తిరిగి వెళ్లే హక్కు వేరే విషయం. దానికి 1948 డిసెంబరు 11 నాటి ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం ఆధారం. దాన్ని స్వయంనిర్ణయంతో కలిపేస్తే రెండూ గందరగోళం అవుతాయి.

ఎదుటివారు అసలు జాతే కాదనడం ఇక్కడ పాత జబ్బు. యూదు మతం మతమే తప్ప స్వతంత్ర జాతీయత కాదని పాలస్తీనా విమోచన సంస్థ తన 1968 జాతీయ పత్రంలో, 20వ అధికరణంలో రాసుకుంది. మరుసటి ఏడాదే ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ పాలస్తీనియన్లనే వారే లేరన్నారు. ఈ రెండు మాటలనూ వాళ్ల వారసులే వెనక్కి తీసుకున్నారు. 1993 సెప్టెంబరు 9న ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాల్లో, ఇజ్రాయెల్‌కు శాంతిభద్రతలతో మనుగడ సాగించే హక్కు ఉందని విమోచన సంస్థ అధ్యక్షుడు అరాఫత్ గుర్తించారు. పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా విమోచన సంస్థను ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ గుర్తించారు. “పాలస్తీనా ప్రజలు” అన్న మాట ఆ ఉత్తరంలో ఉండటాన్ని 2004లో న్యాయస్థానం పట్టుకుంది. అలాంటి జాతి ఉందా లేదా అన్నది ఇక చర్చనీయాంశం కాదని తేల్చింది.

సందర్భం వచ్చింది కనుక ఒక పక్కదారి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సముదాయం ఉంది. తాము ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని నమ్మి యూదు ఆచారాలు పాటిస్తారు. ఇజ్రాయెల్ 1950లో చేసిన తిరిగివచ్చే హక్కు చట్టం ప్రపంచంలోని యూదులందరికీ తలుపు తెరిచింది. ఎవరు యూదులు, ఎవరు కారు అన్న గీత మాత్రం వారే గీస్తారు. జాతి సభ్యత్వం ఇలా ఆ జాతి సొంత వ్యవహారం. ఆ గీత ఎంత విశాలంగా గీసుకున్నా, పక్క జాతి భూభాగం దానివల్ల ఒక్క అడుగు కూడా తగ్గదు.

ఇక అసలు చిక్కు ఉన్నచోటికి, 1917 నుంచి 1947 వరకు సాగిన ముప్పై ఏళ్లకు వద్దాం. పాలస్తీనాలో యూదులకు “జాతీయ నివాసం” ఏర్పాటును సమర్థిస్తామని 1917 నవంబరు 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ ప్రకటించారు. అందులో అక్కడి అరబ్బుల పేరే లేదు. వారు “యూదేతర సముదాయాలు”, వారికి పౌర, మత హక్కులు మాత్రమే. రాజకీయ హక్కుల ఊసు లేదు. 1919లో నానాజాతి సమితి ఒడంబడిక 22వ అధికరణం మాత్రం ఇంకో మాట అంది: తుర్కీ సామ్రాజ్యం నుంచి విడివడిన కొన్ని సముదాయాలను స్వతంత్ర జాతులుగా తాత్కాలికంగా గుర్తించవచ్చు, మాండేట్ దేశాన్ని, అంటే సమితి తరఫున తమను పాలించే దేశాన్ని, ఎంచుకోవడంలో వారి కోరికే ప్రధానం. ఇరాక్, సిరియా ఆ దారిలోనే రాజ్యాలయ్యాయి. పాలస్తీనా విషయంలో ఏం చేయదలిచారో బాల్ఫోర్ 1919 ఆగస్టులో ఒక అంతర్గత పత్రంలో దాపరికం లేకుండా రాశారు. అక్కడి ప్రస్తుత నివాసుల అభిప్రాయం అడిగే లాంఛనం కూడా పాటించదలచుకోలేదని అందులో ఉంది. 1922 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్న సుమారు 7 లక్షల 57 వేల మందిలో యూదులు దాదాపు 84 వేలు, అంటే 11 శాతం.

ఇక్కడ ఇజ్రాయెల్ పక్షాన వాదించే న్యాయవాదులు లేవనెత్తే అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. ఏ కాలపు చర్యను ఆ కాలపు చట్టంతోనే తూచాలి అంటారు. 1920లో స్వయంనిర్ణయం చట్టం కాదు, రాజకీయ ఆదర్శం. స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఆలాండ్ దీవుల వివాదంలో నానాజాతి సమితి నియమించిన న్యాయనిపుణులు ఆ మాటే చెప్పారు. 1922లో అదే నానాజాతి సమితి ఆమోదించిన పాలస్తీనా మాండేట్ అప్పటి చట్టం ప్రకారం చెల్లుతుంది, అందులో యూదు జాతికి ఆ దేశంతో ఉన్న చారిత్రక బంధం గురించి రాసి ఉంది. ఇంతవరకు వారితో నాకు పేచీ లేదు. అక్కడి నుంచి ఇంకో అడుగు వేసి, యూదులు ఆ నేలపై స్థిరపడే వీలు కల్పించాలన్న మాండేట్ 6వ అధికరణం ఇవాళ్టికీ వెస్ట్ బ్యాంక్‌లో (జోర్డాన్ నదికి పడమటి ఒడ్డు ప్రాంతంలో) బతికే ఉందని, ఐక్యరాజ్యసమితి చార్టర్ 80వ అధికరణం దాన్ని కాపాడుతోందని అంటారు. అక్కడ విడిపోతాను. మాండేట్లు ఆయా ప్రజల మేలు కోసం అప్పగించిన పవిత్ర బాధ్యత అని, తర్వాత వచ్చిన స్వయంనిర్ణయ చట్టం వెలుగులోనే వాటిని చదవాలని 1971 నమీబియా అభిప్రాయంలో అదే న్యాయస్థానం చెప్పింది. ఆ బాధ్యత నుంచి పుట్టిన ఒక అధికరణాన్ని అక్కడి జనానికే వ్యతిరేకంగా వందేళ్ల తర్వాత ఎత్తి పట్టుకోవడం చట్టాన్ని తలకిందులు చేయడమే.

1947లో భారత్‌కు ఇందులో నేరుగా పాత్ర ఉంది. పాలస్తీనా సంగతి తేల్చడానికి ఐక్యరాజ్యసమితి వేసిన పదకొండు దేశాల ప్రత్యేక సంఘంలో మన దేశం తరఫున లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి అబ్దుర్ రహ్మాన్ కూర్చున్నారు. ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి, విభజన వద్దని, రెండు జాతులూ ఉండే ఒకే సమాఖ్య రాజ్యం కావాలని మైనారిటీ నివేదిక ఇచ్చారు. మెజారిటీ విభజన కోరింది. ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని విడదీసే అధికారం సమితికి ఉందా అన్న ప్రశ్నను న్యాయస్థానానికి పంపాలన్న ప్రతిపాదన తాత్కాలిక కమిటీలో ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే ఏమయ్యేదన్నది నేను క్లాసులో ప్రతి ఏటా అడిగే ప్రశ్న. నవంబరు 29న విభజనను సిఫారసు చేసే 181వ తీర్మానం 33 ఓట్లతో నెగ్గింది. 13 దేశాలు, వాటిలో భారత్, వ్యతిరేకించాయి. జనాభాలో మూడోవంతుగా ఉన్న యూదులకు దాదాపు 55 శాతం భూభాగం ఇవ్వాలని ఆ పథకం. యూదు ఏజెన్సీ ఒప్పుకుంది, అరబ్ ఉన్నత సంఘం తిరస్కరించింది.

ఇక్కడ ఇరువైపుల నుంచీ రెండు సులువు వాదాలు వినిపిస్తాయి. “ఇజ్రాయెల్‌ను ఐక్యరాజ్యసమితి సృష్టించింది, ఆ తీర్మానమే అక్రమం, కాబట్టి రాజ్యమూ అక్రమం” అనేది ఒకటి. సర్వప్రతినిధి సభ తీర్మానం సిఫారసు మాత్రమే. రాజ్యాన్ని ఏర్పాటు చేసుకున్నది అప్పటికే అక్కడ సొంత సంస్థలు, సొంత పాలన ఉన్న సుమారు ఆరు లక్షల యూదు జనాభా. దాన్ని స్థిరపరిచింది దేశాల గుర్తింపు, 1949 మే 11న దొరికిన సభ్యత్వం. ఇవాళ ఆ రాజ్యం ఉనికి పుట్టుక కథ మీద ఆధారపడి లేదు. రెండో వాదం: “181ని వాళ్లే వద్దన్నారు కదా, ఇక అడగడానికేముంది?” ఒక తరం నాయకులు ఒక పథకాన్ని కాదన్నంత మాత్రాన జాతి హక్కు మురిగిపోదు. అది గడువు తీరే దరఖాస్తు కాదు. పైగా 1948 మే 14న ఇజ్రాయెల్ ప్రకటన ఏ 181ని ఉదహరించిందో, 1988 నవంబరు 15న అల్జీర్స్‌లో పాలస్తీనా స్వాతంత్ర్య ప్రకటన కూడా దాన్నే ఉదహరించింది. మూడు రోజుల తర్వాత భారత్ ఆ రాజ్యాన్ని గుర్తించింది.

స్వయంనిర్ణయం ఆదర్శం స్థాయి దాటి చట్టం అయింది 1960, 70 దశకాల్లోనే. 1960లో వలసపాలన అంతానికి సర్వప్రతినిధి సభ చేసిన 1514వ తీర్మానం, 1966లో రెండు మానవహక్కుల ఒడంబడికల మొదటి అధికరణం, 1970లో దేశాల మధ్య స్నేహ సంబంధాల సూత్రాలపై 2625వ తీర్మానం. 1974లో 3236వ తీర్మానం పాలస్తీనా ప్రజల పేరు పెట్టి ఆ హక్కును ప్రకటించింది. ఈలోగా 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్లాయి. యుద్ధం ద్వారా భూభాగం సంపాదించడం ఆమోదయోగ్యం కాదని భద్రతామండలి 242వ తీర్మానం చెప్పింది.

1967 సెప్టెంబరులో జరిగిన ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆక్రమిత ప్రాంతాల్లో పౌరులను స్థిరపరచవచ్చా అని ఇజ్రాయెల్ ప్రభుత్వం తన విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరోన్‌ను అడిగింది. బాల్యంలో నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డ వ్యక్తి ఆయన, తర్వాత యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడయ్యారు. అలా స్థిరపరచడం యుద్ధకాలంలో పౌరుల రక్షణకు చేసిన నాలుగో జెనీవా ఒప్పందంలోని స్పష్టమైన నిబంధనకు విరుద్ధమని ఆయన రాసిచ్చారు. ఆ కాగితం మీద “అత్యంత రహస్యం” అని ముద్ర పడింది. పని ఆగలేదు. ఇవాళ తూర్పు జెరూసలేంతో కలిపి అక్కడి స్థిరనివాసాల్లో సుమారు ఏడు లక్షల మంది ఉన్నారు. “ఆ ప్రాంతాలకు అంతకుముందు చెల్లుబాటయ్యే సార్వభౌముడు లేడు, కాబట్టి అవి ఆక్రమితాలు కావు, వివాదాస్పదాలు” అన్న వాదన తర్వాత తయారైంది. 1967కు ముందు వెస్ట్ బ్యాంక్‌ను జోర్డాన్ విలీనం చేసుకోవడాన్ని వేళ్ల మీద లెక్కపెట్టగల దేశాలే గుర్తించాయన్నది నిజమే. కానీ సార్వభౌముడు లేనంత మాత్రాన ఆ భూమి మీద మనుషులు లేనట్టు కాదు. హక్కు వారిది.

న్యాయస్థానం రెండుసార్లు చెప్పిందన్న అభిప్రాయాలు ఇవి: 2004 జూలైలో గోడ కేసు (వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ మీద), 2024 జూలై 19న ఆక్రమణ కేసు. మొదటిదాంట్లో స్వయంనిర్ణయ హక్కును గౌరవించడం అన్ని దేశాల బాధ్యత అన్నారు. రెండోదాంట్లో ఆక్రమిత ప్రాంతాల్లో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా ముగించాలని 11-4 ఓట్లతో చెప్పారు. కొత్త స్థిరనివాసాలు ఆపి, ఉన్నవారిని ఖాళీ చేయించాలన్నది 14-1. ఈ అంకెల తేడా గమనించండి. స్థిరనివాసాల విషయంలో న్యాయమూర్తులకు దాదాపు సందేహమే లేదు. మొత్తం ఉనికినే అక్రమమనడం దగ్గర టొమ్కా, అబ్రహాం, ఔరెస్కు విడిపోయారు. ఇజ్రాయెల్ భద్రతా అవసరాలను, చర్చల ద్వారా పరిష్కారమన్న భద్రతామండలి చట్రాన్ని మెజారిటీ తగినంత పట్టించుకోలేదన్నది వారి అభ్యంతరం. ఆ అభ్యంతరంలో కొంత పస ఉందని నా అభిప్రాయం. సైన్యం ఎంత వేగంగా, ఏ హామీలతో వెనక్కి వెళ్లాలన్నది న్యాయస్థానం ఒక్క వాక్యంలో తేల్చేది కాదు. అయితే భద్రతా భయం ఎంత నిజమైనా అది భూభాగాన్ని కలిపేసుకునే హక్కుగా మారదన్న మెజారిటీ మాటకు వారు చూపిన జవాబు నన్ను ఒప్పించలేదు.

ఇవి సలహాపూర్వక అభిప్రాయాలే, నేరుగా కట్టుబడాల్సిన తీర్పులు కావు. అందుకని పట్టించుకోనక్కరలేదనడం కూడా తప్పే. అభిప్రాయం కట్టుబాటు కాకపోయినా అది వివరించిన చట్టం అందరికీ కట్టుబాటే. ఆ అభిప్రాయం వెలువడటానికి ఒక్కరోజు ముందు ఇజ్రాయెల్ పార్లమెంటు పాలస్తీనా రాజ్యాన్ని వ్యతిరేకిస్తూ 68-9 ఓట్లతో తీర్మానం చేసింది. ఆ అభిప్రాయానికి సరిగ్గా ఆరేళ్ల ముందు, 2018 జూలై 19న, ఇజ్రాయెల్ రాజ్యంలో జాతీయ స్వయంనిర్ణయ హక్కు యూదు జాతికి మాత్రమే ప్రత్యేకమని చట్టం చేసింది. ఇజ్రాయెల్ పౌరుల్లో అయిదోవంతు అరబ్బులు. ఏ తేడా చూపకుండా మొత్తం ప్రజలకు ప్రాతినిధ్యం వహించే ప్రభుత్వానికే 2625వ తీర్మానం ప్రాదేశిక సమగ్రత రక్షణ ఇస్తుంది. యూదుల స్వయంనిర్ణయాన్ని బలంగా సమర్థించేవారు కూడా “మాత్రమే” అన్న ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

హక్కు ఉండటం వేరు, దానికోసం ఎంచుకునే పద్ధతి వేరు. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోవడాన్ని ఏ విమోచన హక్కూ సమర్థించదు. ఆ తర్వాత గాజాలో పదుల వేల ప్రాణాలు పోవడాన్ని ఆత్మరక్షణ అన్న ఒక్క మాటతో కప్పేయడమూ కుదరదు. యుద్ధ నియమాలు ఇద్దరికీ ఒకటే.

మన దేశం సంగతి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. 1966 నాటి ఆ రెండు మానవహక్కుల ఒడంబడికల్లో 1979లో చేరుతూ, స్వయంనిర్ణయ హక్కు విదేశీ ఆధిపత్యంలో ఉన్న ప్రజలకే వర్తిస్తుందని, స్వతంత్ర దేశాల్లోని ఒక భాగానికి వర్తించదని భారత్ మెలిక పెట్టింది. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దానికి అభ్యంతరం తెలిపాయి. విచిత్రమేమిటంటే, అంత ఇరుకుగా చదివినా పాలస్తీనా ఆ నిర్వచనంలో పడుతుంది. అయినా 2024 సెప్టెంబరులో న్యాయస్థానం అభిప్రాయాన్ని అమలు చేయమన్న తీర్మానానికి భారత్ ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది. తెలంగాణ ఉద్యమాన్ని ఇందులోకి లాగేవారికి ఒక మాట: అది రాజ్యాంగం 3వ అధికరణం కింద దేశం లోపల జరిగిన రాష్ట్ర ఏర్పాటు. ఈ చట్టానికి దానితో పని లేదు.

చివరి ప్రశ్న, ఒక రాజ్యమా, రెండా? చట్టం చెప్పదు. స్వతంత్ర రాజ్యం, మరో రాజ్యంతో స్వచ్ఛంద అనుబంధం, విలీనం, లేదా ప్రజలు స్వేచ్ఛగా ఎంచుకున్న ఇంకేదైనా, 2625 ప్రకారం అన్నీ చెల్లుతాయి. రెండు జాతులూ ఇష్టపడి ఒకే రాజ్యంలో ఉంటామన్నా చట్టానికి అడ్డు లేదు. ఒక జాతికి ఓటు లేకుండా ఒకే రాజ్యం అంటే మాత్రం అది విలీనం పేరుతో ఆక్రమణే. పాలస్తీనా రాజ్యాన్ని ఇప్పటికి 150కి పైగా దేశాలు గుర్తించాయి, 2025 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా చేరాయి. సరిహద్దులు, జెరూసలేం, శరణార్థులు, భద్రతా ఏర్పాట్లు చర్చించి తేల్చుకోవాల్సినవి. హక్కు ఉందా లేదా అన్నది చర్చల బల్ల మీద పెట్టేది కాదు, ఆక్రమించిన శక్తి దానికి షరతులు పెట్టలేదని 2024 అభిప్రాయం స్పష్టంగానే చెప్పింది. కానీ 2025 నవంబరు 17న భద్రతామండలి చేసిన 2803వ తీర్మానం చూడండి: పాలస్తీనా అథారిటీ సంస్కరణలు పూర్తయి, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగాక స్వయంనిర్ణయానికి, రాజ్యానికి నమ్మదగిన దారి ఏర్పడే పరిస్థితులు “రావచ్చు” అంటుంది. షరతుల్లేని హక్కు అని న్యాయస్థానం, షరతులు తీరాక చూద్దామని మండలి. మండలి తీర్మానం న్యాయస్థానం గుర్తించిన హక్కును పక్కకు నెట్టగలదా అన్నదే రాబోయే ఏళ్లలో ఈ రంగంలో అందరూ కొట్లాడుకోబోయే ప్రశ్న. నెట్టలేదన్నది నా పక్షం. అవతలి పక్షంలో, మండలి నిర్ణయాలకు సభ్యదేశాలు కట్టుబడాలన్న చార్టర్ 25వ అధికరణాన్ని చేతబట్టుకున్న గట్టివాళ్లే ఉన్నారు.